హైదరాబాదు - షికాగో విమాన దూరం

హైదరాబాదు - షికాగో విమాన దూరం సుమారు 13,300 కిలోమీటర్లు (8,260 మైళ్ళు లేదా 7,180 నాటికల్ మైళ్ళు). శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికీ, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని షికాగో ఓ'హేర్ విమానాశ్రయానికీ మధ్య భూమి ఉపరితలం వెంబడి లెక్కించిన అతి తక్కువ దూరం ఇది. ఆమడను ఎనిమిది మైళ్ళుగా లెక్కించే పాత వాడుక ప్రకారం వెయ్యి ఆమడలకు పైమాటే.

అయితే ఈ రెండు నగరాల మధ్య ప్రయాణించే ఏ విమానమూ సరిగ్గా ఇంత దూరమే ప్రయాణించదు. గాలి వాలు, క్రింద ఉన్న పర్వతాలు, ఏ దేశం తన ఆకాశాన్ని ఎవరికి మూసివేసింది అన్న విషయాలను బట్టి అసలు దారి మారుతూ ఉంటుంది. అందువలన విమాన దూరం అనే మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. లెక్క ప్రకారం వచ్చే దూరం ఒకటి, విమానం నిజంగా ఎగిరిన దూరం రెండవది, ప్రయాణీకునికి పట్టిన కాలం మూడవది. పిల్లలు అమెరికాలోనూ, తల్లిదండ్రులు నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాలలోనూ ఉన్న కుటుంబాలు పల్నాడులో ఈనాడు అరుదు కావు. వారికి పనికివచ్చేది మూడవ అర్థమే గాని, అది మొదటి రెండింటి మీద ఆధారపడి ఉన్నందున వాటితోనే మొదలుపెట్టవలసి ఉన్నది.

లెక్కించే విధానం

బల్లపరుపు నేల మీద రెండు చోట్ల మధ్య దగ్గరి దారి సరళరేఖ. గోళం మీద సరళరేఖ ఉండదు. గోళ కేంద్రం గుండా పోయేటట్లు గోళాన్ని రెండు సమభాగాలుగా కోసినప్పుడు పైన ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం (గ్రేట్ సర్కిల్) అంటారు. రెండు ఊళ్ళ గుండా పోయే మహావృత్తంలో ఆ ఊళ్ళ నడుమ ఉన్న చిన్న చాపమే వాటి మధ్య అతి దగ్గరి దారి. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. రేఖాంశాలు రెండేసి కలిసి ఒక్కొక్క మహావృత్తం అవుతాయి. భూమధ్యరేఖ తప్ప మిగిలిన అక్షాంశ వృత్తాలేవీ మహావృత్తాలు కావు. పాఠశాలలో ఈ చివరి వాక్యాన్ని అందరూ వల్లెవేస్తారు గాని దాని ప్రయోజనం ఏమిటో విమానం దారి చూసేదాకా తెలియదు.

శంషాబాదు విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. ఓ'హేర్ 41.97 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 87.91 డిగ్రీల పశ్చిమ రేఖాంశం వద్ద ఉన్నది. ఒకటి గ్రీనిచ్‌కు తూర్పున, మరొకటి పడమర ఉన్నందున రేఖాంశాలను కూడవలెను. తేడా 166.34 డిగ్రీలు. గోళీయ త్రికోణమితి సూత్రం ప్రకారం రెండు అక్షాంశాల సైన్‌లను హెచ్చవేస్తే 0.198 వస్తుంది. వాటి కొసైన్‌లను హెచ్చవేసి, ఆ లబ్ధాన్ని రేఖాంశాల తేడా యొక్క కొసైన్‌తో గుణిస్తే -0.690 వస్తుంది. రెండింటి మొత్తం -0.492. ఇది ఏ కోణానికి కొసైన్ అవుతుందో చూస్తే 119.5 డిగ్రీలు. భూమి చుట్టుకొలతలో ఒక డిగ్రీ 111.2 కిలోమీటర్లు గనుక దూరం సుమారు 13,290 కిలోమీటర్లు. భూమి ధ్రువాల వద్ద కొద్దిగా నొక్కుకొని ఉండటాన్ని కూడా పరిగణిస్తే మరొక పది కిలోమీటర్లు చేరి 13,300 అవుతుంది. విమానం నేల మీద కాక 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది గనుక వృత్తం పెద్దదై ఇంకొక 20 కిలోమీటర్లకు పైగా పెరుగుతుంది. ఇంత దూరంలో అది లెక్కలోనిది కాదు.

నాటికల్ మైలు కూడా ఈ డిగ్రీల లెక్కలోనుండే పుట్టింది. డిగ్రీలో అరవయ్యవ వంతు, అంటే ఒక నిమిషం చాపం పొడవు ఒక నాటికల్ మైలు. ఇప్పుడు దానిని 1.852 కిలోమీటర్లుగా స్థిరపరచారు. విమాన చోదకులు నేటికీ దూరాన్ని ఇందులోనే చెప్పుకుంటారు.

గోడపటం వలన కలిగే భ్రమ

తరగతి గదులలో వ్రేలాడే ప్రపంచ పటాలలో చాలావరకు 1569లో గెరార్డస్ మెర్కేటర్ రూపొందించిన పద్ధతిని లేదా దానికి దగ్గరి పద్ధతులను అనుసరించినవి. నావికులకు అనుకూలంగా గీసిన పటం అది. దిక్సూచిని ఒకే కోణంలో ఉంచి పోయే దారి దానిపై సరళరేఖగా కనబడుతుంది. ఆ సౌలభ్యం కోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ భూమిని సాగదీయవలసి వచ్చింది. ఈ పటం మీద హైదరాబాదు నుండి షికాగోకు బద్ద పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. ఆ గీత వెంబడి నిజంగా ప్రయాణిస్తే సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది. అంటే పటంలో తిన్నగా కనబడే దారి అసలు దగ్గరి దారి కంటె 2,800 కిలోమీటర్లు ఎక్కువ.

గ్లోబు మీద ఒక దారం కొసను హైదరాబాదు వద్ద వ్రేలితో నొక్కిపట్టి, రెండవ కొసను షికాగో వద్ద బిగించి లాగితే ఆ దారం తనంతట తానే పైకి జరిగి ఉత్తర ధ్రువం సమీపానికి చేరుతుంది. ఏడవ తరగతి పిల్లలకైనా అయిదు నిమిషాలలో బోధపడే విషయమిది. దారం అలా ఎందుకు జరుగుతుందో పై లెక్కలోనే ఉన్నది. రెండు నగరాల రేఖాంశాల మధ్య తేడా 180 డిగ్రీలకు 14 డిగ్రీలు మాత్రమే తక్కువ. సరిగ్గా 180 అయి ఉంటే దగ్గరి దారి ధ్రువం మీదుగానే పోయేది. షికాగో దాదాపు మనకు భూమి అవతలి ప్రక్కన ఉన్నది గనుక అక్కడికి ప్రక్కగా చుట్టి పోవడం కంటె తలమీదుగా దాటడమే దగ్గర. హైదరాబాదు నుండి సూటిగా ధ్రువం మీదికి పోయి, అక్కడి నుండి సూటిగా షికాగోకు దిగినా అదనంగా అయ్యేది దాదాపు 150 కిలోమీటర్లే.

కాబట్టి "అమెరికా పడమర ఉన్నది" అన్న మాట నిజమే అయినా, హైదరాబాదులో షికాగో వైపు ముఖం పెట్టి నిలబడదలచినవారు పడమటికి కాదు, ఉత్తరానికి తిరగవలెను. లెక్క ప్రకారం ఉత్తర దిక్కుకు 12 డిగ్రీలు మాత్రమే ఎడమగా.

దారిలోని ప్రదేశాలు

ఈ చాపం తెలంగాణ, మహారాష్ట్రలను దాటి, ఢిల్లీకి కొద్దిగా పడమరగా సాగి, పంజాబు, కాశ్మీరు, గిల్గిత్ ప్రాంతం, పామీరు పీఠభూమి, కిర్గిజ్‌స్తాన్, కజక్‌స్తాన్‌ల మీదుగా రష్యాలోని యూరల్ పర్వత ప్రాంతానికి చేరుతుంది. తరువాత బారెంట్స్ సముద్రం దాటి, స్వాల్‌బార్డ్ దీవులకూ గ్రీన్‌లాండ్‌కూ నడుమ దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని తాకి క్రిందికి దిగుతుంది. గ్రీన్‌లాండ్ మంచుగడ్డ, కెనడాలోని బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతం తూర్పు భాగం, ఒంటారియో రాష్ట్రం దాటి మహా సరస్సుల ప్రాంతంలో ముగుస్తుంది.

ఢిల్లీ ఈ గీతకు అతి సమీపంలో ఉన్నందున, హైదరాబాదు నుండి ఢిల్లీకి పోయి అక్కడ విమానం మారి షికాగోకు పోయినా దూరం పట్టుమని పది కిలోమీటర్లు కూడా పెరగదు.

గీత బాగానే ఉన్నది గాని విమానం ఎల్లప్పుడూ దానిని పట్టుకొని పోలేదు. కారకోరం, పామీరు పర్వతాల మీద విమానంలోని గాలి ఒత్తిడి తగ్గితే వెంటనే తక్కువ ఎత్తుకు దిగవలసి ఉంటుంది, అక్కడ దిగడానికి చోటు లేదు. ధ్రువ ప్రాంతంలో బయటి చలికి ఇంధనం గడ్డకట్టే ప్రమాదాన్ని గమనించుకోవలెను. జెట్ ఏ-1 రకం ఇంధనం -47 డిగ్రీల సెంటిగ్రేడు వద్దా, అమెరికాలో వాడే జెట్ ఏ రకం -40 వద్దా గడ్డకట్టడం మొదలవుతుంది. పైగా రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజను ఆగిపోయినా నిర్ణీత కాలంలో చేరుకోగల విమానాశ్రయం ఎప్పుడూ అందుబాటులో ఉండేటట్లు తన దారిని ఎంచుకోవలెను. ఈ నిబంధన కాగితం మీది లాంఛనం కాదు. 2023 జూన్ 6న ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరిన ఎయిరిండియా విమానం ఇంజనులో సమస్య తలెత్తి రష్యా తూర్పు కొసలోని మగదాన్ పట్టణంలో దిగింది. అందులో 216 మంది ప్రయాణీకులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. ముంబై నుండి పంపిన మరొక విమానం వచ్చి వారిని జూన్ 8న తీసుకొనిపోయేదాకా అక్కడే గడపవలసి వచ్చింది.

గాలి వాలు

ఉత్తరార్ధగోళంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుండి తూర్పుకు వీచే ఉధృతమైన గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు. ఇది గంటకు వంద కిలోమీటర్లకు మించి, శీతాకాలంలో కొన్నిచోట్ల రెండు వందలకు మించి కూడా వీస్తుంది. గాలితో పోయే విమానానికి కాలమూ ఇంధనమూ కలిసివస్తాయి, ఎదురుపోయే విమానానికి రెండూ ఖర్చవుతాయి.

దూరం ఎక్కువైనా కాలం తక్కువ కావచ్చుననడానికి ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మంచి ఉదాహరణ. 2015 డిసెంబరులో మొదలైన ఈ సర్వీసు తొలుత అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ప్రయాణించేది. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఆ విమానాన్ని తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది గాని వెనుక నుండి గాలి తోడ్పడడంతో ప్రయాణం 14 గంటల 30 నిమిషాలలో ముగిసింది, అంటే మునుపటి కంటె సుమారు రెండు గంటలు ముందుగా. ఏటికి ఎదురీదడం కంటె చుట్టు తిరిగి వాలున పోవడం మేలని పుట్టివాళ్ళకు తెలిసిన సంగతే ఇది.

ఆకాశానికి సరిహద్దులు

1944 డిసెంబరు 7న అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక మీద దేశాలు సంతకాలు చేశాయి. ప్రతి దేశానికీ తన భూభాగం మీది ఆకాశంపై సంపూర్ణ అధికారం ఉంటుందని దాని మొదటి అధికరణం చెబుతున్నది. ఆ సమావేశం జరిగినది షికాగో నగరంలోనే, అందుచేత దానిని షికాగో ఒడంబడిక అని పిలుస్తారు. మన ఊరి నుండి షికాగోకు పోయే దారి ఎంత పొడవుండాలో నేటికీ ఆ అధికరణమే నిర్ణయిస్తున్నదంటే అతిశయోక్తి కాదు.

2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసి జూలై 16న తిరిగి తెరిచింది. జూలై 2 నాటికే చుట్టుదారుల వలన ఎయిరిండియాకు 491 కోట్ల రూపాయల నష్టం వాటిల్లినట్లు కేంద్ర ప్రభుత్వం రాజ్యసభలో తెలిపింది. 2021 ఆగస్టులో కాబూలు తాలిబాన్ వశమైనప్పుడు ఆఫ్ఘనిస్తాన్ గగనతలం మూతపడి, అప్పటికే గాలిలో ఉన్న షికాగో - ఢిల్లీ విమానం ఇంధనం కోసం షార్జాలో దిగవలసి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం ఆరంభమయ్యాక రష్యా ముప్పైకి పైగా దేశాల విమానాలకు తన ఆకాశాన్ని మూసివేసింది. అమెరికా సంస్థలు కొన్ని భారతదేశపు సర్వీసులను నిలిపివేశాయి. ఎయిరిండియాకు ఆ నిషేధం వర్తించలేదు.

2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారతీయ సంస్థల విమానాలకు మరల దారి మూసి, ఆ ఆంక్షను నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. ఉత్తర అమెరికాకు పోయివచ్చే ఎయిరిండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నా, కోపెన్‌హాగన్ నగరాలలో ఆగవలసి వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుండి ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసును ఆ సంస్థ నిలిపివేసింది. విమానాల కొరతతో పాటు ఈ చుట్టుదారిని కూడా కారణంగా చెప్పింది. భూమి అదే, నగరాలూ అవే. దూరం మాత్రం మారింది.

హైదరాబాదు నుండి నేరు విమానం

ఎయిరిండియా 2021 జనవరిలో హైదరాబాదు - షికాగో నేరు సర్వీసును ప్రారంభించింది. తెలుగు నేల నుండి అమెరికాకు మధ్యలో ఆగకుండా పోయిన తొలి ప్రయాణీకుల సర్వీసు ఇదే. షికాగో నుండి జనవరి 13 రాత్రి బయలుదేరిన విమానం 15వ తేదీ తెల్లవారకముందే శంషాబాదులో దిగి, అదే మధ్యాహ్నం తిరిగి బయలుదేరింది. ఆనాడు కనుమ. కనుమనాడు కాకి కూడా కదలదని మన పెద్దల మాట.

దీనికి వాడినది 238 సీట్ల బోయింగ్ 777-200ఎల్ఆర్ రకం విమానం. దీని టాంకులలో 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. ప్రయాణం పోయేటప్పుడు సుమారు 16 గంటల 45 నిమిషాలు. ఇంత దూరపు ప్రయాణంలో ఒక చిక్కు ఉన్నది. చివరి గంటలలో కాల్చవలసిన ఇంధనాన్ని మొదటి గంట నుండీ మోయవలెను, ఆ మోతకు మరికొంత ఇంధనం కాలుతుంది. అందువలన సీట్లు నిండకపోతే దూరపు నేరు సర్వీసు నష్టం తెచ్చిపెడుతుంది. హైదరాబాదు సర్వీసు వారానికి ఒక్కటే నడిచింది, ఎక్కువకాలం కొనసాగలేదు.

ఇదే వారంలో బెంగుళూరు - శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు కూడా మొదలైంది. 13,993 కిలోమీటర్ల ఆ దూరాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వాన అందరూ మహిళలే ఉన్న చోదక బృందం ఉత్తర ధ్రువం మీదుగా దాటి 2021 జనవరి 11న బెంగుళూరులో దిగింది. పత్రికలు ఆ వార్తను ప్రముఖంగా ప్రచురించాయి. షికాగో సర్వీసుకు అంత ప్రచారం రాలేదు.

మజిలీలతో ప్రయాణం

తెలుగువారిలో చాలామంది దుబాయి, అబుదాబి, దోహా వంటి గల్ఫ్ నగరాలలోనో, ఐరోపా నగరాలలోనో, ఢిల్లీలోనో విమానం మారి అమెరికాకు పోతారు. హైదరాబాదు నుండి దుబాయి 2,550 కిలోమీటర్లు, అక్కడి నుండి షికాగో సుమారు 11,640 కిలోమీటర్లు, మొత్తం 14,200. నేరు దూరం కంటె పెరిగేది 900 కిలోమీటర్లే, అంటే విమానానికి ఒక గంట. పెరిగే కాలం దారిలోది కాదు, విమానాశ్రయంలో నిరీక్షించేది. గల్ఫ్ దారికీ ఇబ్బందులు లేకపోలేదు. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు దోహాతో సహా అక్కడి గగనతలం కొన్ని గంటలపాటు మూతపడి ప్రయాణీకులు ఎక్కడివారక్కడ నిలిచిపోయారు.

పల్నాడు నుండి లెక్క

గ్లోబు మీద కొలిస్తే మాచర్ల నుండి షికాగో సుమారు 13,400 కిలోమీటర్లు, నరసరావుపేట నుండి సుమారు 13,440 కిలోమీటర్లు. శంషాబాదు నుండి కొలిచినదాని కంటె ఎక్కువ కావటం వంద, నూట నలభై కిలోమీటర్లే గాని, ఆ ముక్కకు పట్టే కాలం తక్కువది కాదు. నరసరావుపేట వారు పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారిలో కృష్ణ దాటి వాడపల్లి, మిర్యాలగూడల మీదుగానూ, మాచర్ల వారు నాగార్జునసాగర్ మీదుగానూ పోతారు. నాలుగైదు గంటల ప్రయాణం. గన్నవరం విమానాశ్రయం నరసరావుపేటకు చాలా దగ్గర, కాని అక్కడి నుండి అమెరికాకు నేరుగా విమానం లేదు.

షికాగో గడియారం మన గడియారం కంటె శీతాకాలంలో 11 గంటల 30 నిమిషాలు, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. అక్కడ మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనుకకు జరుపుతారు. టిక్కెట్టు మీద వ్రాసే వేళలు ఏ ఊరివి ఆ ఊరివే. అందుచేత హైదరాబాదులో మధ్యాహ్నం ఎక్కినవారు అదే సాయంత్రం షికాగోలో దిగినట్లు టిక్కెట్టు చూపుతుంది, షికాగోలో గురువారం రాత్రి ఎక్కినవారు శనివారం దిగినట్లు చూపుతుంది. పోయేటప్పుడు ఆదా అయినట్లు కనబడిన దినం వచ్చేటప్పుడు చెల్లిపోతుంది.

ఈ లెక్క అత్యంత అవసరమయ్యే సందర్భం ఒకటున్నది. ఇంటిపెద్ద కాలం చేసినప్పుడు అమెరికాలోని కొడుకో కూతురో వచ్చి కడసారి చూసుకొనేదాకా ఫ్రీజరు పెట్టెలో ఉంచి ఎదురుచూడడం మన పల్లెలలో పరిపాటి అయింది. బంధువులు మొదట అడిగేది "ఎప్పటికి చేరతాడు?" అన్నదే. శీతాకాలంలో గురువారం సాయంత్రం ఆరు గంటలకు ఇక్కడి నుండి కబురు పోయిందనుకొందాము. షికాగోలో అప్పుడు గురువారం ఉదయం ఆరున్నర. టిక్కెట్టు దొరికి రాత్రి ఎనిమిది గంటలకు గల్ఫ్ విమానం ఎక్కితే, మనకు శుక్రవారం ఉదయం ఏడున్నర. గల్ఫ్ చేరడానికి పదమూడున్నర గంటలు, అక్కడ నిరీక్షణ నాలుగు గంటలు, హైదరాబాదుకు మరొక నాలుగు గంటలు కలుపుకుంటే శనివారం తెల్లవారుజామున అయిదు గంటలు. తనిఖీలు ముగించుకొని కారెక్కి పల్నాడు చేరేసరికి శనివారం పదకొండు గంటలు దాటుతుంది. కబురు అందిన తరువాత 41 గంటలు. అదే రాత్రి నేరు విమానం ఉండి ఉంటే అయిదారు గంటలు ముందుగా, శనివారం సూర్యోదయానికి అటూ ఇటూగా చేరవచ్చును. కాని వారానికి ఒక్కసారి నడిచిన సర్వీసు ఆ ఒక్కరోజు ప్రయాణీకులకే ఉపకరించింది. మిగిలిన ఆరు రోజులూ పల్నాడుకు షికాగో ఎప్పటివలె 41 గంటల దూరంలోనే ఉండిపోయింది.